ఎకీ వైపు పచ్చిక

అక్టోబర్ 10, సోమవారం

తొమ్మిదేళ్లయింది. ఇంతవరకు ఒక్కడూ నాకు జవాబు చెప్పలేదు. గుండ్లాట ఆడే నా పచ్చిక మీద, చచ్చిన లెనాక్స్‌ను కాల్చిన బూడిద చల్లమని ఎవరు చెప్పారు? అడిగిన ప్రతిసారీ కమిటీవాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తారు. ఆయన క్లబ్బు ప్రెసిడెంటుగా చేశాడట, విధవరాలు ఏడ్చిందట. ఏడిస్తే ఇంట్లో చల్లుకోవాలి. నేను మా చెల్లెలింటికి వెళ్లిన ఆదివారం చూసుకుని, క్లబ్బు తలుపు పక్క మూలన కుమ్మరించారు. ఆ రాత్రి వాన. సోమవారం వచ్చి చూస్తే పచ్చిక మీద సిమెంటు పూసినట్టుంది. బూడిదంటే సున్నంతో సమానం. సున్నం పడ్డ చోట తెగులుకు విందు.

ఆ ఏడు సర్వసభ్య సమావేశంలో నేనే లేచి నిలబడి నిబంధన పెట్టించాను. రాజైనా రౌతైనా, ఈ పచ్చిక మీద ఎవడి బూడిదా పడకూడదు అని. గనిలో నాతో పాటు పనిచేసిన ఎకీ ఇమ్రీ చెయ్యెత్తి బలపరిచాడు. నిబంధన వచ్చింది కానీ జవాబు రాలేదు.

రక్తపోటు చూసే నర్సు ఈ డైరీ ఇచ్చింది. కోపం వచ్చినప్పుడు మనుషుల మీద కాకుండా కాగితం మీద అరవమంది. నేను పదిహేనో ఏట బడి మానేసి బొగ్గు గనిలో దిగినవాణ్ని, ఇప్పుడు ఈ క్లబ్బు పచ్చిక కాపరిని, నాకు రాత మీద మోజు లేదు. అయినా మనుషుల కన్నా కాగితం నయం, మధ్యలో అడ్డు రాదు.

అక్టోబర్ 14, శుక్రవారం

మంచు దట్టంగా ఉంది. పొద్దున పచ్చిక మొత్తం తెల్లగా మెరుస్తోంది. పొడుగు బద్ద పట్టుకుని క్లబ్బు వైపు సగం దులిపాను. తుంటి నొప్పి. రైలు కట్ట వైపు సగం ఎండకు అదే ఆరుతుంది.

అక్టోబర్ 27, గురువారం

రైలు కట్ట వైపు మచ్చలు వచ్చాయి. అరచేతి వెడల్పున, తడిసిన తుప్పు రంగులో, అంచున తెల్లటి నూగు. వంగి వేలితో తాకితే సాలెగూడులా అంటుకుంది. తెగులే.

ఇది లెనాక్స్ బూడిద పని. అవతలి మూలన చల్లితే ఇవతలికి ఎలా వచ్చిందంటారేమో. నీళ్లు నడుస్తాయి. కోసే యంత్రం చక్రాలు నడుస్తాయి. అన్నీ నడుస్తాయి.

నవంబర్ 3, గురువారం

ఎకీని చూడ్డానికి వెళ్లాను. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. గనిలో మింగిన దుమ్మంతా ఇప్పుడు ఊపిరితిత్తుల్లో లెక్క అడుగుతోంది. దాని మీద ఆ పాడు గడ్డ ఒకటి. వాడి భార్య మిరెన్ పప్పు సూప్ ఇచ్చి, "ఆయన చేత నాలుగు చెంచాలు తాగించు వాటీ, నా మాట వినట్లేదు" అని వంటింట్లోకి పోయింది.

"నా వైపు ఎలా ఉందిరా?" అన్నాడు ఎకీ.

"నీ వైపేంటి, పచ్చిక క్లబ్బుది."

"సరే, క్లబ్బు వారి నా వైపు ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"అబద్ధం ఆడేటప్పుడు టోపీ సర్దుకుంటావు. గనిలో కూడా అంతే, హెల్మెట్ సర్దుకునేవాడివి. మచ్చలు వచ్చాయా?"

సూప్ చెంచా వాడి నోటికి పెట్టాను. సగం గడ్డం మీద పడింది.

"మంచు ఎవరు దులుపుతున్నారు నా వైపు?"

"నేనే."

"నీ తుంటితోనా?"

"నా తుంటి సంగతి నీకెందుకు, నీ సూప్ సంగతి చూసుకో."

కాసేపు దగ్గాడు. తర్వాత, రేపు వాన పడుతుందేమో అన్నట్టు మామూలుగా అన్నాడు. "ఒరేయ్ వాటీ, నన్ను కాల్చాక ఆ బూడిద అక్కడ వేసెయ్. రైలు కట్ట వైపు."

"నిబంధన ఉంది. నువ్వే బలపరిచావు. చెయ్యెత్తి మరీ."

"అప్పుడు ఒంట్లో బాగుంది. చెయ్యి తేలిగ్గా లేచింది."

"చర్చి తోటలో బోలెడు చోటుంది. గులాబీలు కూడా ఉన్నాయి."

"అక్కడికి నువ్వు రావు. ఈ ఇంటికీ వారానికి ఓసారే వస్తావు, అదీ సూప్ కోసం. పచ్చిక దగ్గరికైతే రోజూ పొద్దున్నే వస్తావు, తిట్టుకుంటూ. నాకు ఆ తిట్లు అలవాటు."

అదొక కారణమా. కుదరదని చెప్పి లేచి వచ్చేశాను. గిన్నెలో సూప్ అలాగే ఉండిపోయింది. మిరెన్ ఏమనుకుందో.

నవంబర్ 8, మంగళవారం

సెంగా లౌడన్ వచ్చింది. క్లబ్బు సెక్రెటరీ. బ్యాంకు నుంచి రిటైరైంది కానీ ఆ గొంతు రిటైరవలేదు.

"మిస్టర్ పర్డీ, రైలు కట్ట వైపు మచ్చలు సభ్యులందరికీ కనిపిస్తున్నాయి. రాఫర్టీని పిలిచి మందు కొట్టిద్దామా?"

"అవసరం లేదు."

"ఏప్రిల్లో ఆట మొదలవ్వాలి. ఈసారి పచ్చిక పాడైతే కమిటీ దాన్ని తీసేసి ప్లాస్టిక్ తివాచీ పరవడం గురించి ఆలోచించాల్సి వస్తుంది. నేను బెదిరించడం లేదు, చెబుతున్నానంతే."

ప్లాస్టిక్ తివాచీ. దాని మీద గుండు దొర్లిస్తే వంటగది నేల మీద దొర్లించినట్టుంటుంది. గురిగా పెట్టిన చిన్న తెల్ల గుండు దాకా వంపు తిరుగుతూ వెళ్లడం ఉండదు, తిన్నగా పోయి అంచున ఉన్న కాలవలో పడుతుంది. పచ్చిక అక్కర్లేనివాళ్లకు పచ్చిక కాపరి కూడా అక్కర్లేదు. ఆవిడ ఆ మాట అనలేదు. అననక్కర్లేదు.

రాఫర్టీకి మందు కొట్టే లైసెన్సు ఉంది. నాకు లేదు. ముసలివాళ్లకు మునుపు ఒక మినహాయింపు ఉండేది, అది తీసేసి పరీక్ష రాయమన్నారు. గళ్లలో టిక్కులు పెట్టే పరీక్ష. నా వల్ల కాక కాదు. ముప్పై ఏళ్లు మందు కొట్టినవాడికి ఆ అవసరం లేదని రాయలేదు.

నవంబర్ 13, ఆదివారం

మంచు. తుంటి. సగమే దులిపాను.

నవంబర్ 20, ఆదివారం

షెడ్డు వెనక అరలో పాత మందు డబ్బా ఒకటుంది. ప్రభుత్వం ఆపేసిన మందు. ఇప్పుడొచ్చేవి తెగులు రాకముందే కొట్టాలి, వచ్చాక కొడితే మొహం కడిగినట్టే. పాతది అలా కాదు, వచ్చిన తెగులును కూడా అక్కడికక్కడే నిలబెట్టేది. అప్పట్లో నేను మందు పంపు వీపున వేసుకుని నడిచేవాణ్ని, ఎకీ డబ్బా మీది రాత చదివి కొలత వేసేవాడు. ఇప్పుడు ఆ రాత కూడా చెరిగిపోయింది. చెరగకపోయినా ఆ చీమకాళ్ల అక్షరాలు నాకు అందవు.

కొలత అడుగుదామని వాడి దగ్గరికి వెళ్లాను.

"పంపు నిండా నీళ్లకు ఎన్ని మూతలు పోసేవాడివి?"

వాడి కళ్లు ఒక్కసారిగా బతికాయి. "ఓహో. పెద్దమనిషి దొంగతనంగా మందు కొట్టబోతున్నాడన్నమాట."

"ఎన్ని మూతలో చెప్పు."

"ముందు నువ్వు అవునను. నా బూడిద సంగతి. అప్పుడు మూతలు చెబుతా."

"బేరమా?"

"సంతలో పెరిగినవాణ్నిరా. మా అమ్మ చేపలమ్మేది."

"చచ్చేముందు కూడా సిగ్గు లేదు నీకు."

"సిగ్గు పడే ఓపిక లేదు. అవునా కాదా?"

మిరెన్ గుమ్మంలో నిలబడి వింటోంది. "ఇద్దరికీ కలిపి నూట యాభై ఏళ్లు దాటాయి. బడి పిల్లలు నయం" అంది.

కాదన్నాను. ఒక్కసారి అవునంటే లెనాక్స్ విధవరాలు నవ్వుతుంది. తర్వాత ఊరంతా బూడిద డబ్బాలు పట్టుకుని వరస కడుతుంది. పచ్చిక శ్మశానమవుతుంది. ఇదంతా వాడికి చెప్పాను. వాడు కిటికీ వైపు తిరిగి, "అయితే నీ మూతలు నువ్వే లెక్కపెట్టుకో" అన్నాడు.

వాడు నామీద అలగడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదటిసారి.

డిసెంబర్ 4, ఆదివారం

అందరూ చర్చిలో ఉన్నప్పుడు కొట్టాను. మూడు మూతలు. మూడే అనుకుంటా వాడు పోసేది. గాలి లేదు. పంపు ఇంత బరువు ఎప్పుడూ లేదు, ఈ కొత్త రబ్బరు పట్టీలు పనికిమాలినవి. రైలు కట్ట వైపు పూర్తిచేసి బల్ల మీద కూర్చున్నాను. లేవడానికి చాలాసేపు పట్టింది. మందు గట్టిది, తలకెక్కింది. అంతే.

డిసెంబర్ 9, శుక్రవారం

హిమం పడుతోంది. పచ్చిక కనిపించడం లేదు. ఒక రకంగా హాయి.

డిసెంబర్ 19, సోమవారం

హిమం కరిగింది.

చూసొచ్చాను. దాని గురించి ఇవాళ రాయను.

డిసెంబర్ 20, మంగళవారం

రైలు కట్ట వైపు మచ్చలు ఒకదాన్నొకటి కలుపుకుని దుప్పటి అంత అయ్యాయి. అంచులు గులాబీ రంగు తిరిగాయి. పచ్చిక లాగితే వేళ్లతో సహా చేతిలోకి వస్తోంది, ఉడికిన తోటకూరలాగా. మందు పని చేయలేదు. షెడ్డులో ఇన్ని చలికాలాలు గడ్డకట్టి కరిగి చచ్చిపోయినట్టుంది. లేదా మూడు మూతలు కాదేమో.

లెనాక్స్ మూలన ఒక్క మచ్చ లేదు. పచ్చగా, నున్నగా ఉంది. ఆయన బతికున్నప్పుడూ అంతే, తన మీదికి రావాల్సింది పక్కవాడి మీద పడేసేవాడు.

జనవరి 10, మంగళవారం

సెంగా నన్ను అడక్కుండానే రాఫర్టీని పిలిచింది. చక్రాల బండి మీద మందు పంపు తెచ్చాడు. కోల్ రాఫర్టీ నలభై ఐదేళ్లవాడు, మాటకు ముందు ఈల వేస్తాడు. పచ్చిక అంతా ఒక చుట్టు తిరిగి వచ్చాడు. ఈల ఆపాడు.

"పెద్దాయనా, ఇక్కడ ఎవరో ముందే మందు కొట్టినట్టున్నారు. అడుగుల జాడ మీద పచ్చిక పసుపు తిరిగింది. ఒకే మనిషి, ఒక కాలు ఈడుస్తూ."

"ఎవరో నాకెలా తెలుస్తుంది?"

వాడు నా కాలు వైపు చూశాడు. తర్వాత ఆకాశం వైపు చూశాడు. "నేనేమీ చూడలేదు. కానీ షెడ్డులో పాత డబ్బాలేమైనా ఉంటే నాకివ్వండి, మునిసిపాలిటీవాళ్లు తీసుకునే చోట ఇచ్చేస్తాను. తనిఖీకి వస్తే క్లబ్బు పరువుతో పాటు నా లైసెన్సు కూడా పోతుంది."

ఇచ్చాను. నాకేం నామోషీ, ఖాళీ డబ్బాతో సమానం అది.

"క్లబ్బు వైపు చూస్తే రాజుగారి బల్ల గుడ్డలా ఉంది" అన్నాడు. "రైలు కట్ట వైపు ఇలా ఉంది. మట్టి ఒకటే, ఎండ ఒకటే. మంచు తడి నిలిచిన చోటే తెగులు పట్టేది, రెండు వైపులా దులుపుతున్నారా?"

"ఇద్దరం దులుపుతాం. ఇటు నేను, అటు ఎకీ."

"ఎకీ ఇమ్రీనా? ఆయన ఆగస్టు నుంచి మంచం మీద ఉన్నాడు కదా?"

గాలి లేస్తోంది, మాటలతో పొద్దు పుచ్చకుండా పని చూసుకోమన్నాను. నీలం రంగు కలిపిన మందు కొట్టాడు, ఎక్కడ పడిందో తెలియడానికి. సగం పచ్చిక నీలంగా అయిపోయింది. ఉన్న మచ్చలు పోవట, పాకడం మాత్రం ఆగుతుందట. చచ్చిన చోట మార్చిలో విత్తనం వేసుకోవాలి.

వెళ్తూ బండి కిటికీలోంచి తల బయటపెట్టి, "మందు తెగులును ఆపుతుంది పెద్దాయనా, మంచును ఆపదు. దులపడానికి సాయంగా ఒక మనిషిని అడగండి" అన్నాడు.

నేను ఎవరినీ ఏదీ అడగను.

జనవరి 24, మంగళవారం

ఎకీ నిద్రలోనే ఉన్నాడు. కూర్చుని వచ్చాను. మందు కొట్టించానని, పాకడం ఆగిందని చెప్పాను. విన్నాడో లేదో.

ఫిబ్రవరి 7, మంగళవారం

ఎకీ పోయాడు.

ఫిబ్రవరి 8, బుధవారం

మంచు. రెండు వైపులా దులిపాను.

ఫిబ్రవరి 15, బుధవారం

దహనశాలలో ఇరవై నిమిషాలు ఇచ్చారు. పాదిరీ ఎకీని ఎప్పుడూ చూడనేలేదు, ఓపికగల మనిషి అన్నాడు. వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. తర్వాత క్లబ్బులో మాంసం కూరిన రొట్టె, టీ. లెనాక్స్ విధవరాలు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకోలేదు. ముసలిదైపోయింది.

కిటికీలోంచి రైలు కట్ట వైపు చూశాను. ఇంకా నీలం జాడ ఉంది.

మార్చి 12, ఆదివారం

విత్తనం వేశాను. ఇసుక చల్లాను. తుంటి గురించి రాయను.

సాయంత్రం మిరెన్ ఇంటికి వెళ్లాను. ఎకీ అద్దాల బీరువాలో పింగాణీ ప్లేట్ల పక్కన ఉన్నాడు, కాఫీ రంగు డబ్బాలో. ఆవిడ టీ పోస్తూ అటు చూడమని చెప్పలేదు, చూడొద్దనీ చెప్పలేదు.

"వాడేమైనా చెప్పాడా, చివర్లో?" అని నేనే అడిగాను.

"నీ గురించా? చెప్పాడు. వాటీని ఏమీ అడగకు, వాడు నెల రోజులు అరిచి తర్వాత దారికి వస్తాడు అన్నాడు."

"నేను దారిలోనే ఉన్నాను."

"సరే."

"నిబంధన ఉంది మిరెన్."

"నేనేమైనా అన్నానా వాటీ? పంచదార వేసుకో."

ఆవిడ అరిచినా బాగుండేది.

మార్చి 13, సోమవారం

పైన చల్లడం వేరు, కింద పాతడం వేరు. లెనాక్స్‌ను చల్లారు. జానెడు చదరం పచ్చిక పెళ్ల లేపి, మూరెడు లోతు తవ్వి, బూడిదలో ఇసుకా ఎర్రమట్టీ కలిపి కింద పెట్టి పెళ్ల మళ్లీ కప్పేస్తే వేళ్లకు సున్నం తగలదు. తెగులుకు సంబంధం లేదు. నిబంధనలో చల్లకూడదనే నేను అన్నాను.

కాదు. ఎవడి బూడిదా పడకూడదు అన్నాను. నా నోటితోనే అన్నాను.

ఏప్రిల్ 2, ఆదివారం

విత్తనం మొలిచింది, పసిపిల్లాడి తల వెంట్రుకల్లా. ఆటకు పనికొస్తుంది, అందానికి కాదు.

సెంగా ఇంటికి వెళ్లి తలుపు కొట్టాను. ఈ ఊళ్లో ఆవిడ గుమ్మం ఎక్కడం ఇదే మొదలు. గురువారం కమిటీ కూర్చుంటుంది కదా, ఎకీ సంగతి అందులో పెట్టమన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"మిస్టర్ పర్డీ, మీరు నన్ను ఆ నిబంధన పక్కన పెట్టమంటున్నారా? మీ నిబంధనను?"

"నాదే. ఎవరిదో అయితే అడగకుండానే దాటేవాణ్ని."

"మీరు దీన్ని అడుగుతున్నారా, ఆజ్ఞాపిస్తున్నారా?"

"అడుగుతున్నాను" అన్నాను. ఆ మాట గొంతులో చేప ముల్లులా అడ్డంపడి బయటికి వచ్చింది.

ఏప్రిల్ 10, సోమవారం

కోస్తుండగా సెంగా వచ్చింది. యంత్రం ఆపాను.

"కమిటీ సానుభూతితో చర్చించింది. కానీ ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారన్నారు. అందుకని జూన్ సమావేశానికి వాయిదా వేశాం. ఈలోగా శనివారం ఆట మొదలుపెట్టడానికి మొదటి గుండు మిసెస్ ఇమ్రీ చేత దొర్లించాలని అనుకున్నాం. ఆవిడకు గౌరవంగా ఉంటుంది."

"ఆవిడ చేత గుండు దొర్లిస్తారు. ఆవిడ మొగుడు మాత్రం పింగాణీ ప్లేట్ల పక్కన కూర్చోవాలి."

"మిస్టర్ పర్డీ, నా మీద అరవకండి. నేను మీ తరఫునే మాట్లాడాను."

ఆ ముక్క నిజమేననిపించింది. మొహం ఎర్రగా అయింది ఆవిడకు. అందుకని గొంతు తగ్గించి విడమరచి చెప్పాను. మళ్లీ చెప్పాల్సి వస్తే మాట తప్పకుండా ఇక్కడ రాసుకుంటున్నాను.

జూన్ కుదరదు. పెళ్ల లేపితే కోసిన అంచులు పచ్చి పుండు, తెగులు అక్కడే దూరుతుంది. కాబట్టి ముందు పెళ్ల లేపాలి, ఆ తర్వాత మందు పడాలి. రాఫర్టీ గురువారం పొద్దున వస్తున్నాడు, ఈ ఋతువుకు అదే ఆఖరు మందు. శనివారం నుంచి అరవై జతల బూట్లు దాని మీద నడుస్తాయి. ఎకీ వెళ్లాల్సింది బుధవారం సాయంత్రమే. రైలు కట్ట వైపు, రెండో ఆట వరసకూ మూడో ఆట వరసకూ మధ్య, గుండు పోని చోట. రాయి వద్దు, పేరు వద్దు, ప్రసంగం వద్దు. నేనూ మిరెనూ ఉంటే చాలు. ఇంకెవరైనా అడిగితే వాళ్లకు కూడా ఇలాగే లోతుగా తవ్వి పెడతాను, లెనాక్స్ విధవరాలు అడిగినా సరే.

రెండోది. రైలు కట్ట వైపు మంచు దులపడానికి నాకొక మనిషి కావాలి. ఒక్కడి వల్ల కావడం లేదు. ఆగస్టు నుంచీ కావడం లేదు.

ఈ మాట అన్నాక ఆవిడ రైలు కట్ట వైపు ఒకసారి చూసింది. "అందరినీ ఫోన్లో అడుగుతాను, మాట ఇవ్వలేను" అంది.

మాట నాకక్కర్లేదు, జవాబు కావాలి అన్నాను. కిటికీలోంచి చూడ్డం కాదు, సానుభూతి కాదు, జూన్ కాదు. బుధవారం సాయంత్రం ఆరు లోపల అవునో కాదో నా మొహం మీద చెప్పాలి. కాదంటే గురువారం నుంచి ఆ పచ్చికను కమిటీయే చూసుకోవాలి, రెండు వైపులా. బుధవారం, ఆరు గంటలు.